రాజు పంచిన వెండి, వర్తకుడు దాచిన నాణేలు

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం కావాలని కమిటీ మిత్రులు అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు ఎలాగూ చాలామంది ఉంటారు కదా, నేనొక నాణెం కథ రాస్తానని చెప్పాను. నేను మెకానికల్ ఇంజనీరుని. ముప్ఫై ఏళ్లుగా పంపులు, వాల్వులు, ప్రెజర్ టెస్టులే నా లోకం. అయినా చరిత్ర మీద మక్కువ పోలేదంటే అది మన సోషల్ మాస్టారి చలవ. పాఠం చెప్పే రోజున ఆయన పాత వెండి రూపాయి ఒకటి తెచ్చి బెంచీ బెంచీకీ తిప్పించేవారు. పుస్తకంలో చదివిన రాజ్యం అరచేతిలో బరువుగా తగిలేది. అప్పటి నుంచి ఏ ఊరు వెళ్లినా అక్కడి పాత నాణేలు చూడటం అలవాటయింది.

నేను చెప్పబోయేది నార్వే దేశపు వెండి నాణెం గురించి. దాని పేరు రైసెడాలర్. 'రైసె' అంటే ఆ భాషలో ప్రయాణం. అంటే ప్రయాణపు డాలర్ అన్నమాట. 1704, 1733, 1749 సంవత్సరాల్లో ఈ నాణేలు వేశారు. నార్వే నాణేలు సేకరించేవాళ్లు ఏళ్ల తరబడి వెతికే అరుదైన వాటిలో ఇదొకటి. ఒక నాణెం అరుదు కావడానికి ఎన్ని కారణాలు ఉంటాయో, అది అసలు మిగలడానికి ఎవరెవరి చేతులు అడ్డం పడాలో ఈ రైసెడాలర్ చెప్పినంత బాగా మరొకటి చెప్పదనిపిస్తుంది.

ముందు డాలర్ అనే మాట సంగతి. 1520 ప్రాంతంలో బొహీమియా దేశంలో యోఆకిమ్స్‌థాల్ అనే లోయలో వెండి గనులు పడ్డాయి. అక్కడి వెండితో వేసిన పెద్ద నాణేలను ఆ లోయ పేరు మీద థాలర్ అన్నారు. ఆ మాటే డెన్మార్క్, స్వీడన్, నార్వేల్లో డాలర్ అయింది. అమెరికా వాళ్ల డాలర్ కూడా దీని వారసురాలే. పూర్తి బరువు డాలర్‌లో సుమారు 25 గ్రాముల శుద్ధమైన వెండి ఉండేది. మన తాతల నాటి వెండి రూపాయిలో ఉన్నది 10 గ్రాముల పైచిలుకు. అంటే ఒక డాలర్ పట్టుకుంటే మన రూపాయలు రెండున్నర పట్టుకున్నట్టు. మన రూపాయికి 16 అణాలు ఉన్నట్టే, వాళ్ల లెక్కలో ఒక రిగ్స్‌డాలర్‌కు 6 మార్కులు, మార్కుకు 16 స్కిల్లింగులు. రైసెడాలర్ ఆ 6 మార్కుల నాణెం.

వెండి కొండ

ఆ కాలంలో నార్వేకి సొంత రాజు లేడు. డెన్మార్క్ రాజే నార్వేకీ రాజు. ఆయన ఉండేది కోపెన్‌హేగెన్‌లో. 17వ శతాబ్దం మొదట్లో రాజ్యం ఏలిన నాలుగో క్రిస్టియన్‌కు ఓడలు, కోటలు, యుద్ధాలు, కొత్త పట్టణాలు అంటే తగని మోజు. వాటికి తగ్గ ఖర్చూ ఉండేది. 1623లో దక్షిణ నార్వే కొండల్లో వెండి బయటపడింది. పశువులు కాసుకునే ఇద్దరు పిల్లలకు ఎద్దు కొమ్ముతో గీరిన బండ మీద మెరుపు కనబడిందని అక్కడి ఐతిహ్యం. మరుసటి ఏడాదే రాజు స్వయంగా వచ్చి అక్కడ పట్టణం కట్టించాడు. దానికి కాంగ్స్‌బెర్గ్ అని పేరు పెట్టాడు. రాజుగారి కొండ అని అర్థం.

ఈ రాజుకీ మనకీ ఒక చుట్టరికం ఉంది. 1616లో డేనిష్ ఈస్టిండియా కంపెనీకి అనుమతి ఇచ్చింది ఈయనే. ఆ తర్వాత ఓవె గెడ్డె అనే యువ నౌకాధికారి నాయకత్వంలో ఓడలు బయల్దేరి మన తూర్పు తీరానికి చేరాయి. 1620 నవంబరులో తంజావూరు రఘునాథ నాయకుడితో ఒప్పందం కుదిరింది. తరంగంబాడిలో డేన్ల కోట లేచింది. రఘునాథుడంటే మనకు పరాయివాడు కాదు. వాల్మీకి చరిత్రము రాసిన తెలుగు కవి రాజు. బంగారు రేకు మీద ఆయన డెన్మార్క్ రాజుకు పంపిన లేఖ ఇప్పటికీ కోపెన్‌హేగెన్‌లో భద్రంగా ఉంది. కొంతకాలం మన మచిలీపట్నంలో కూడా డేన్ల వర్తక స్థావరం ఉండేది. తంజావూరు ఒప్పందం చేసుకున్న ఓవె గెడ్డె తిరిగి వెళ్లాక నార్వేలో అధికారిగా పనిచేశాడు. అక్కడి లోహ పరిశ్రమలో కూడా చేయి పెట్టాడు. తెలుగు రాజు ఎదుట నిలబడిన మనిషి నార్వే కొండల్లో తేలడం చూస్తే, ఆ రోజుల్లోనూ లోకం మనం అనుకున్నంత పెద్దదేం కాదనిపిస్తుంది.

కొన్నేళ్ల కిందట మా కంపెనీ పని మీద కాంగ్స్‌బెర్గ్‌లో మూడు వారాలు ఉన్నాను. ఇప్పుడు ఆ ఊరు సముద్రగర్భంలోని చమురు బావులకు పరికరాలు చేసే ఇంజనీర్ల ఊరు. పగలంతా టెస్టింగ్ షెడ్డులో గడిచేది. ఒక ఆదివారం గనుల మ్యూజియం చూశాను. పాత గనిలోకి చిన్న రైలు ఒకటి తీసుకువెళుతుంది. కొండ లోపలికి 2.3 కిలోమీటర్లు. దిగే చోట నెత్తిన 342 మీటర్ల రాయి ఉంటుంది. బయట ఎంత ఎండాకాలమైనా లోపల వణుకే.

అక్కడ తెలిసిన సంగతులు ఇంజనీరుగా నన్ను పట్టుకున్నాయి. ఈ గనుల్లో వెండి చాలావరకు ఖనిజంలో కలిసిపోయి కాక, లోహంగానే దొరికేది. తెల్లని కాల్సైట్ రాతి చారలు, గంధకం కలిసిన రాతి పొరలు ఒకదాన్నొకటి ఎక్కడ కోసుకుంటాయో అక్కడ తీగలు తీగలుగా, మెలికలు తిరిగి ఉండేది. దాన్ని అందుకోవడానికి తొలి రోజుల్లో రాతిని పగలగొట్టే పద్ధతి నిప్పే. రాతి గోడకు కట్టెలు పేర్చి మంట పెట్టేవారు. వేడికి రాయి నెర్రెలు విచ్చేది. అప్పుడు సుత్తులతో, ఉలులతో పెళ్లగించేవారు. ఆ పొగలో, ఆ చీకట్లో రోజుకు ముందుకు సాగేది చిన్న కొలతే. గనిలో ఊరే నీటిని తోడటానికి కొండల మీద చెరువులు కట్టి, కాలువలు తవ్వి, నీటి చక్రాలతో పంపులు తిప్పేవారు. నీటిని తోడటానికి నీటినే వాడుకోవడమన్నమాట. ఈ పనులు నేర్పడానికి 1757లో అక్కడొక గనుల విద్యాలయం పెట్టారు. ఐరోపా మొత్తంలో అలాంటి తొలి విద్యాలయాల్లో అదొకటి.

ఆ శతాబ్దంలో కాంగ్స్‌బెర్గ్ నార్వే పట్టణాల్లో బెర్గెన్ తర్వాత రెండోది. 1770 ప్రాంతంలో సుమారు 4,000 మంది గనుల మీద ఆధారపడి పనిచేసేవారు. మధ్యలో కొన్నేళ్లు మూతపడినా మొత్తం మీద 1623 నుంచి 1950ల చివరి దాకా, 330 ఏళ్లకు పైగా అక్కడ వెండి తీశారు. లెక్క వేస్తే సుమారు 1,300 టన్నులు. 1686లో టంకశాల కూడా అక్కడికే వచ్చింది. కొండ కింద తీసిన వెండి కొండ పక్కనే నాణెమైంది.

రాజుగారి ప్రయాణం

1704లో నాలుగో ఫ్రెడరిక్ రాజు తన నార్వే రాజ్యం చూడటానికి బయల్దేరాడు. 1733లో ఆరో క్రిస్టియన్, రాణితో సహా వెళ్లాడు. 1749లో ఐదో ఫ్రెడరిక్ వెళ్లాడు. రాజు అంటే నార్వే పల్లెల వాళ్లకు చర్చిలో ప్రార్థనలో వినబడే పేరే తప్ప కళ్లారా చూసిన మనిషి కాదు. అలాంటి వాళ్ల మధ్యకు రాజు వెళితే చేతిలో ఏదైనా ఉండాలి. అందుకని ప్రయాణంలో పంచడానికే కాంగ్స్‌బెర్గ్ వెండితో ప్రత్యేకంగా నాణేలు వేయించారు. అవే రైసెడాలర్లు.

నాణెం మీద ఒక పక్క రాజు రూపు. రెండో పక్క నార్వే సింహం. చేతిలో గొడ్డలి పట్టుకుని నిలబడిన సింహం అది. ఆ దేశపు రాజచిహ్నం. ఆ రోజుల్లో ఐరోపా నాణేల మీద రాతలు ఎక్కువగా లాటిన్‌లో ఉండేవి. పండితులకు తప్ప ఎవరికీ అర్థం కాదు. ఈ నాణెం మీద మాత్రం జనం చదువుకునే డేనిష్ భాషలో రెండు పాదాల పద్యం చెక్కించారు. ధైర్యం, విశ్వాసం, పరాక్రమం, గౌరవం తెచ్చే గుణమేదైనా సరే లోకమంతా నార్వే బండల నడుమ నేర్చుకోవచ్చునని దాని సారాంశం. పొగడ్తే అనుకోండి. కానీ ఎవరిని పొగిడారో చూడండి. నాణెం మీద పొగడ్త ఎప్పుడూ రాజుకే. ఇక్కడ అది ప్రజలకు దక్కింది.

అలాగని అంతా తీపే కాదు. రాజు పరివారం కొండదారుల్లో కదలాలంటే గుర్రాలు కావాలి. దారి పొడవునా గుర్రాలు, బండ్లు, మనుషులను సమకూర్చే బాధ్యత రైతులదే. పనుల రోజుల్లో గుర్రాన్ని పొలం నుంచి విప్పి రాజుగారి దారికి తోలుకెళ్లాలి. మన పల్లెల్లో ఒకప్పటి వెట్టి గుర్తుకు వచ్చే సంగతే. నిప్పు పెట్టి, పొగ మింగి గనికార్మికుడు తీసిన వెండి, రైతు గుర్రం మీద ఊరేగి, ఆ ఊళ్లోనే ఎవరో ఒక పెద్దమనిషి చేతిలో రాజు కానుకగా పడేది. నాణెం మీద రాసిన గుణాలన్నీ చూపించింది ఎవరో, నాణెం అందుకున్నది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

మిగిలినవి ఎలా మిగిలాయి?

వెండి నాణేనికి మొదటి శత్రువు కొలిమి. రాజుకు యుద్ధం వస్తే పాత నాణెం కరిగించి కొత్తది వేస్తాడు. అందులో వెండి తగ్గిస్తాడు. వెండి ధర నాణెం విలువను దాటితే వర్తకుడు కరిగిస్తాడు. 1813 జనవరిలో డెన్మార్క్ ప్రభుత్వం దివాలా తీసి, కాగితపు నోట్లు పాత విలువకు చెల్లవని ప్రకటించింది. అలాంటి కాలంలో చేతిలో వెండి ఉన్నవాడు దాస్తాడు, లేకపోతే దేశం దాటిస్తాడు. తర్వాత 1873లో డెన్మార్క్, స్వీడన్, 1875లో నార్వే ఒకే కూటమిలో చేరి బంగారం మీద ఆధారపడిన క్రోన నాణేలకు మారాయి. మూడు వందల ఏళ్లు రాజ్యమేలిన డాలర్ బజారులో చెల్లని సరుకైంది. వెండి తూకానికి అమ్ముడుపోయింది. మ్యూజియాల్లో ఇవాళ మనం చూసే ఒక్కొక్క డాలర్ వెనక కరిగిపోయినవి ఎన్నో.

మరి రైసెడాలర్‌ను కాపాడింది ఎవరు? మొదటగా, దాన్ని అందుకున్నవాళ్లు. రాజు చేత్తో ఇచ్చిన నాణేన్ని ఉప్పూ పప్పూ కొనడానికి ఎవరు మార్చుకుంటారు? పుట్టుకతోనే దాచుకోవడానికి పుట్టిన నాణెం అది. ఆ దేశాల్లో పెద్ద వెండి నాణేలను బీరు తాగే వెండి చెంబుల మూతల్లో పొదిగించుకునేవారు. కొక్కెం అతికించి గొలుసులో, ఆడవాళ్ల నగల్లో వేలాడదీసుకునేవారు. మన ఇళ్లలో కాసులపేరు ఉన్నట్టే. అమ్మమ్మ మెడలో కాసు బజారులో కాసు కాదు. అది ఇంటి గౌరవం. కరువు వచ్చినా చిట్టచివర అమ్మేది అదే.

ఇక్కడ నాణేల సేకరణలో ఒక తమాషా ఉంది. కొక్కెం అతికించిన గుర్తు నాణెం అంచు మీద ఉంటే సేకరించేవాళ్లు పెదవి విరుస్తారు. ధర బాగా తగ్గిపోతుంది. మచ్చ లేనిదే కావాలంటారు. కానీ ఆలోచిస్తే, ఎన్నో నాణేలను కొలిమిలో పడకుండా ఆపింది ఆ కొక్కెమే. లోపం అని ధర తగ్గించిన మచ్చే దాని ప్రాణం నిలబెట్టిన బొట్టు.

ఖజానాలో దొంగ

ఇళ్లలో దాచినవి ఇలా ఉంటే, రాజుగారి దగ్గర దాచినవి క్షేమమా? అదీ చెప్పలేం. డెన్మార్క్ రాజులకు 17వ శతాబ్దం నుంచి వింత వస్తువుల భాండాగారం ఒకటి ఉండేది. నాణేలు, పతకాలు, సముద్రం అవతలి నుంచి తెచ్చిన వస్తువులు అన్నీ అందులోనే. అందులో అన్నిటికంటే విలువైనవి రెండు బంగారు కొమ్ములు. 1639లో ఒకటి, 1734లో ఒకటి ఒకే ఊరి పొలాల్లో దొరికాయి. పదిహేను వందల ఏళ్ల నాటి పనితనం. 1802 మే నెలలో నీల్స్ హైడెన్‌రైక్ అనే కంసాలి మారు తాళాలతో లోపలికి వెళ్లి ఆ రెండు కొమ్ములను ఎత్తుకుపోయాడు. ఇంటి కొలిమిలో కరిగించేశాడు.

వాడు దొరికిన తీరు తెలుగువాళ్లకు ఆసక్తి కలిగిస్తుంది. దక్షిణ భారతంలో చెలామణీ అయ్యే పగోడాలకు వాడు నకిలీలు తయారు చేశాడు. బంగారంలో ఇత్తడి కలిపాడు. పగోడా అని తెల్లవాళ్లు పిలిచింది మరేమిటో కాదు, మన వరహానే. ఆ నకిలీలను అమ్మచూపినప్పుడు కంసాలుల సంఘం పెద్దకు అనుమానం వచ్చింది. అక్కడి నుంచి కూపీ లాగితే 1803లో వాడు నేరం ఒప్పుకున్నాడు. 1840 దాకా జైల్లోనే ఉన్నాడు. డెన్మార్క్ జాతి సంపదను మింగిన దొంగను పట్టించడంలో మన వరహాకూ చేయి ఉందన్నమాట.

అసలు విషాదం వేరే. కొమ్ములకు ముందే అచ్చులు తీసి ఒక నకలు రోముకు పంపితే అది దారిలో ఓడతో పాటు మునిగిపోయింది. ఇంటి దగ్గర ఉంచిన అచ్చులు కూడా దొంగతనం నాటికి మిగల్లేదు. ఇవాళ మ్యూజియంలో కనిపించేవి పాత పుస్తకాల్లోని బొమ్మలు చూసి ఊహించి చేసినవి. ఒక్క ప్రతి మీద ఆధారపడితే ఏమవుతుందో ఆ దేశం అలా నేర్చుకుంది. ఐదేళ్లు దాటాక, 1807 సెప్టెంబరులో ఇంగ్లీషు నౌకాదళం కోపెన్‌హేగెన్ మీద ఫిరంగి గుండ్లు, రాకెట్లు కురిపించింది. నగరంలో పెద్ద భాగం కాలిపోయింది.

వెన్న వర్తకుడి వీలునామా

ఆ నగరంలోనే తర్వాతి కాలంలో లార్స్ ఎమిల్ బ్రూన్ అనే ఆయన ఉండేవాడు. 1852లో పుట్టాడు. చిన్నతనంలోనే దగ్గరి బంధువు పోయినప్పుడు కొన్ని నాణేలు చేతికొచ్చి సరదా మొదలైంది. ఇరవై ఏళ్లు దాటాక చూసుకుంటే తనకు రావలసిన ఆస్తి కరిగిపోయి ఉంది. అప్పు తెచ్చి వ్యాపారం పెట్టాడు. వెన్న కొనడం, ప్యాక్ చేయడం, విదేశాలకు పంపడం. డెన్మార్క్ వెన్నకు అప్పట్లో ప్రపంచమంతా గిరాకీ. కొన్నేళ్లలోనే కోటీశ్వరుడయ్యాడు. చేతిలో డబ్బు ఆడగానే చిన్ననాటి సరదా పెద్ద వ్రతమైంది. 1885లో డెన్మార్క్‌లో నాణేల అధ్యయన సంఘం స్థాపించినవారిలో ఆయన ఒకడు. డెన్మార్క్, నార్వే, స్వీడన్ నాణేలు, పతకాలు, నోట్లు కలిపి సుమారు 20,000 వస్తువులు కూడబెట్టాడు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయన మనసు మార్చింది. ఐరోపా నగరాలు ఎలా నేలమట్టమయ్యాయో చూశాడు. మన జాతీయ నాణేల సేకరణ మీద బాంబు పడితే? ఎవరైనా దోచుకుపోతే? 1923లో ఆయన కన్నుమూసే నాటికి వీలునామా సిద్ధంగా ఉంది. అందులోని షరతు ఇది: తన సేకరణను 100 ఏళ్లు అమ్మకుండా, విడదీయకుండా, జాతీయ సేకరణకు అత్యవసర నిల్వగా ఉంచాలి. ఆ నూరేళ్లలో జాతీయ సేకరణకు నష్టం వస్తే తనది దాని స్థానంలో నిలవాలి. అంతా క్షేమంగా ఉంటే నూరేళ్ల తర్వాత వేలం వేసి, వచ్చిన డబ్బు తన వంశీకులకు ఇవ్వాలి.

కోట్ల విలువైన ఆస్తి ఇంట్లో ఉన్నట్టే ఉండి చేతికి అందకపోతే వారసులకు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. వీలునామాను భంగపరచాలని కొందరు ప్రయత్నించారు. కుదరలేదు. ఆ పెట్టెలు మొదట ఫ్రెడరిక్స్‌బోర్గ్ కోటలో, తర్వాత డెన్మార్క్ కేంద్ర బ్యాంకు నేలమాళిగలో నిశ్శబ్దంగా ఉండిపోయాయి. 1940 నుంచి 1945 దాకా ఆ దేశం జర్మన్ల ఆక్రమణలో ఉంది. ఆ గండమూ గడిచింది. జాతీయ సేకరణ క్షేమంగానే ఉంది. 2023లో నూరేళ్లు నిండాయి.

వేలానికి ముందు సేకరణకు 50 కోట్ల డేనిష్ క్రోనర్లకు బీమా చేశారు. ముందుగా కొనుక్కునే హక్కు జాతీయ మ్యూజియానికి ఇచ్చారు. మ్యూజియం ఏడు నాణేలు ఎంచుకుంది. ఆరు బంగారువి, ఒకటి వెండిది. అన్నీ 15 నుంచి 17వ శతాబ్దాల మధ్య డెన్మార్క్, నార్వే రాజులు వేయించినవే. ఇరవై వేలలో ఏడే వాళ్లకు కావలసి వచ్చాయంటే, బ్రూన్ ఎంత ఓపికగా జాతీయ సేకరణకు జంటగా తన సేకరణను పెంచాడో అర్థమవుతుంది. తొలి వేలం 2024 సెప్టెంబరు 14న కోపెన్‌హేగెన్‌లో జరిగింది. 286 అంశాలకు సుమారు ఒకటిన్నర కోట్ల యూరోలు వచ్చాయి. 1496లో హాన్స్ రాజు వేయించిన బంగారు నాణెం ఒక్కటే 12 లక్షల యూరోలు పలికింది. మిగిలిన సేకరణను కూడా విడతలు విడతలుగా అమ్మడానికే నిర్ణయించారు.

దాచడం ఎవరికోసం?

ఈ కథ చెబితే మిత్రులు రెండు రకాలుగా స్పందిస్తారు. కొందరు బ్రూన్‌ను మెచ్చుకుంటారు. మరికొందరు, నూరేళ్లు ఎవరూ చూడకుండా చీకట్లో పెట్టి, చివరికి ముక్కలు ముక్కలుగా అమ్మడానికేనా ఇంత కష్టం, పిల్లలైనా చూసి సంతోషించేవారు కదా అంటారు. రెండో మాటలో నిజం లేకపోలేదు. వస్తువు విలువ చూసే కళ్లలో ఉంటుంది. మన మాస్టారి రూపాయి బీరువాలో ఉండి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు.

కానీ నా వృత్తి నాకు మరోలా ఆలోచించడం నేర్పింది. ప్రతి ముఖ్యమైన పంపు పక్కన ఒక స్టాండ్‌బై పంపు పెడతాం. డబ్బు ఖర్చవుతుంది, చోటు ఆక్రమిస్తుంది, ఏళ్ల తరబడి ఉత్తినే కూర్చుంటుంది. ఆడిట్ వాళ్లు ఏటా అడుగుతారు, ఇది ఎందుకని. నడవాల్సిన అవసరం రాని స్టాండ్‌బై దండగ కాదు. అది ఉందన్న ధైర్యంతోనే మొదటి పంపు నడుస్తుంది. బ్రూన్ సేకరణ నూరేళ్లలో ఒక్కసారి కూడా నడవని స్టాండ్‌బై. బంగారు కొమ్ములకు అలాంటిది ఒక్కటి ఉండి ఉంటే వాటి అసలు రూపం ఇవాళ లోకానికి తెలిసేది. ఇంకో సూత్రం కూడా ఉంది. స్టాండ్‌బైని అసలు దానితో పాటు ఒకే గుంటలో పెట్టకూడదు. వరద వస్తే రెండూ మునుగుతాయి.

ఈ సూత్రం మనవాళ్లకు కొత్త కాదు. తాటాకు గ్రంథాలు వందల ఏళ్లు బతికాయంటే ఆకు గట్టిదని కాదు. ఆకు చివికేలోగా ఎవరో ఒకరు కూర్చుని మరో ప్రతి రాశారు కనుక. సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితులను పెట్టుకుని, సొంత డబ్బుతో వేమన మొదలు ఎందరో కవుల ప్రతులను వెతికించి, ఎత్తి రాయించాడు. ఆ ప్రతులు మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి కనుకనే మన సాహిత్యంలో కొంత మనకు మిగిలింది.

రైసెడాలర్ దగ్గరకు వస్తే, దాన్ని మూడు రకాల మనుషులు మన కాలానికి చేర్చారు. రాజు చేతి కానుక అని ఖర్చుపెట్టని మొదటి యజమాని. కొక్కెం వేసి మెడలో కట్టుకున్న ఇల్లాలు. ఒక్కొక్కటీ వెతికి, తేదీ, టంకశాల, బరువు రాసిపెట్టిన సేకర్త. ముగ్గురికీ తమ తర్వాత దాన్ని ఎవరు చూస్తారో తెలియదు. అయినా దాచారు. ఆ వెండి తీసిన గనికార్మికుడి పేరు మాత్రం నాణెం మీద లేదు. అతని గుర్తుగా మిగిలింది ఆ వెండే.

మన సంఘానికి ఇది 50వ ఏడాది. బడికి కూడా నాణేల్లాంటివి ఉన్నాయి. అడ్మిషన్ రిజిస్టర్లు, పదో తరగతి గ్రూపు ఫొటోలు, వార్షికోత్సవ ఆహ్వానాలు, మాస్టార్ల చేతిరాతతో ఉన్న ప్రోగ్రెస్ కార్డులు, ఆటల పోటీల పతకాలు. బజారులో వీటికి విలువ లేదు, కాగితాల తూకానికి పోయే సరుకు. మన వాతావరణంలో చెదలు, తేమ కొలిమి కంటే ఏమీ తక్కువ కాదు. మీ ఇళ్లలో అలాంటివి ఉంటే పారేయకండి. వెనక పేర్లు, సంవత్సరం పెన్సిలుతో రాయండి. ఫొటోలో చివరి వరసలో ఉన్న అటెండరు పేరు, గంట కొట్టిన మనిషి పేరు కూడా రాయండి. అవి ఇప్పుడు రాయకపోతే ఇంకో పదేళ్లకు చెప్పేవాళ్లు ఉండరు.

సంఘం కమిటీ ముందు నా ప్రతిపాదన ఒకటే. వీటన్నిటినీ స్కాన్ చేయించి రెండు సెట్లు తయారు చేద్దాం. ఒకటి బడి గ్రంథాలయంలో, ఎవరైనా తీసి చూసుకునేలా ఉండాలి. రెండోది వేరే ఊళ్లో, వేరే కప్పు కింద ఉండాలి. ఖర్చులో మా 1984 బ్యాచ్ వాటా నేను సేకరించి ఇస్తాను. పని మొదలుపెట్టడానికి వచ్చే వేసవి సెలవులు అనుకూలం.